లైవ్ అయిపోయాక

"నాలుగు దినాల సంది మొత్తుకుంటున్న, గా డబ్బ ఖాళీ చెయ్యమని," టీవీ వెనక వైరు కదిలిస్తూ అన్నాడు రవీందర్. "పురుగు వట్టినంక ఏం జేస్తవ్ వాటిని? పక్కింటోల్ల కోళ్లకన్న ఎయ్యి. అవన్న తింటయి."

"దేవుని పేరు మీద తీసిన బియ్యంరా, కోళ్లకేస్తరా?" మంచం మీది నుంచి తల్లి శ్యామలమ్మ.

"దేవుడచ్చి ఒండుకుంటడా అమ్మా? తీస్కపోయేటోడు లేడు, ఇచ్చచ్చేటోల్లు లేరు. మనం ఒండుకుందామంటే అద్దంటది, పారపోస్తనంటే అద్దంటది. మల్లేం జేద్దామే అంటే నోరిప్పది."

ఆ గొడవంతా భార్య రోజా మీద. ఆమె మాత్రం గడప దగ్గర కూర్చుని, చాటలో బియ్యం పలచగా పరిచి, ఎండ తగలగానే ముక్కుపురుగులు చాట అంచులకు ఎక్కుతుంటే చూస్తూ ఉంది. అంచు దాకా వచ్చిన పురుగును వేలితో కింద పడేస్తే అది కాసేపు చచ్చినట్టు పడి ఉండి, తర్వాత లేచి గడప పగుల్లోకి పోతుంది. ఈ గొడవ మొదలైంది బుధవారం. ఆ రోజు గంజ్‌లో కూరగాయలు కొని ఇంటికి రాగానే, సంచి ఒక పక్కన పడేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, వంటింటి మూల నుంచి ఈ డబ్బా బయటికి లాగింది. ఎందుకు లాగిందో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఒక్క మాటతో అయ్యేది కాదు. దాని వెనక మాట చెప్పాలి, ఆ వెనక మాట చెప్పాలి, తిరిగి తిరిగి అది తన దగ్గరికే వచ్చి ఆగుతుంది. అందుకని రోజూ కాసేపు చెరుగుతోంది, ఏరుతోంది, మళ్ళీ డబ్బాలో పోస్తోంది, మర్నాటికి మళ్ళీ నాలుగు పురుగులు కనిపిస్తున్నాయి.

అన్నానికి బియ్యం కొలిచాక, కడిగే ముందు, ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. ఆదివారం ఆ డబ్బా తీసుకెళ్ళి చర్చి వాకిట్లో పెట్టిన గోనెసంచిలో గుమ్మరించాలి. నెలాఖరుకు ఆ సంచి ముసలివాళ్ళకు, ఎవరూ లేనివాళ్ళకు పోతుంది. రోజా పెళ్ళై బోధన్ వచ్చిన కొత్తలో ఆ సంచి మూతి పట్టుకుని నిలబడేది ఉమారాణి. డబ్బాలోకి తొంగిచూసి, "ఏం పిల్లా, గింత చిట్టి పిడికిలా నీది? తీసేటప్పుడు నీ మొగుని పిడికిలనుకోని తియ్యి," అని అందరి ముందూ అంది, ఆడవాళ్ళందరూ నవ్వారు, రోజాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అది ఇరవై మూడేళ్ళ కిందటి మాట. అప్పటి నుంచీ చెయ్యి దానంతట అదే పోతుంది. బీడీలు చుట్టేటప్పుడు వేళ్ళు ఎట్లా మనసును అడగకుండా ఆకును తిప్పుతాయో, అట్లాగే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర పనిచేసిన రవీందర్ నిజామాబాద్‌లో పసుపు గోదాంకు మారి, అందరూ అర్సపల్లిలో ఈ అద్దె ఇంటికి వచ్చేశాక కూడా ఆ పిడికెడు ఆగలేదు. ఆదివారాలు వాళ్ళు బోధన్ పోవడం ఆగాక, డబ్బా నిండినప్పుడల్లా ఏదో పని మీద నిజామాబాద్ వచ్చే సంఘ పెద్ద ముత్తన్న తీసుకుపోయేవాడు. ఆయన కళ్ళకు పొర వచ్చి రావడం మానేశాక డబ్బా మూలనే ఉండిపోయింది. అయినా చెయ్యి వేస్తూనే ఉంది. ఎవరికి వేస్తోందో ఆ చేతికి తెలియదు.

"మమ్మీ, మొదలైంది, రా," అంది సుష్మ. డిగ్రీ చదివే పిల్ల. ఫోన్‌లోంచి టీవీలోకి యూట్యూబ్ ఎక్కించే పని ఆమెది. రోజా చాట పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, వచ్చి చాప మీద కూర్చుంది. రవీందర్ లుంగీ మీదే సోఫాలో. శ్యామలమ్మ వెనక రెండు దిండ్లు. తెర మీద నీలం కర్టెను, దాని ముందు పాస్టర్ భానుప్రసాద్, పక్కన గిటారు పట్టుకున్న వాళ్ళబ్బాయి. కెమెరా ఒక్కచోటే నిలబడి ఉంటుంది. అది చూపించినంత మేరే చర్చి. కుడి అంచున సగం స్తంభం, ఒక ఫ్యాను రెక్క. ఆ స్తంభానికి ఇవతల ఆడవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళెవరూ కనపడరు. పాట మాత్రం వినపడుతుంది, అదీ గిటారు కింద, గోడ అవతల ఎవరో పాడుకుంటున్నట్టు.

శ్యామలమ్మకు మాత్రం ఇదే బాగుంది. "గుడిల ఎన్కకు కూసుంటే పాస్టరు నెత్తి సుత కనవడకపోయేది. ఇప్పుడు పండ్లు గూడ లెక్కవెట్టచ్చు," అంటుంది. మోకాళ్ళు పనిచేయని ముసలామె, మంచం మీది నుంచే గొంతెత్తి పాడుతుంది, ప్రార్థనలో ఏడుస్తుంది, ఆమె ఏడుపు నిజమే. లాక్‌డౌన్‌లో ఈ లైవ్ లేకపోతే ఆమె ఏమైపోయేదో. అందుకే రోజా ఎప్పుడూ దీన్ని తప్పు పట్టలేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం బస్సెక్కి, ఎడపల్లి మీదుగా గంట సేపు, ఒళ్ళో బియ్యం డబ్బా పెట్టుకుని బోధన్ పోయేవాళ్ళు. తర్వాత అన్నీ మూతపడ్డాయి. మళ్ళీ తెరిచారు. అప్పుడు అత్తకు మోకాళ్ళు, తర్వాత సుష్మకు పరీక్షలు, తర్వాత రవీందర్‌కు ఉన్నది ఆ ఒక్కరోజే సెలవు. వచ్చే ఐతారం పోదాం, వచ్చే ఐతారం పోదాం. పోవద్దని ఎవరూ అనుకోలేదు. ఎవరూ ఏమీ అనుకోకుండానే ఆరేళ్ళు అయింది. రోడ్డు మీద బోధన్ బస్సు హారన్ కొట్టుకుంటూ మలుపు తిరుగుతుంది, కిటికీ అద్దం కొంచెం అదురుతుంది, అరగంటకు మళ్ళీ ఇంకొకటి. అది పోతున్నదని చెవికి తెలుస్తుంది, అంతే.

తెర పక్కన పేర్లు పైకి జరుగుతున్నాయి. ఎవరెవరో. ఆమెన్. ఆమెన్. దుబాయి నుంచి ఒకాయన, పూలగుర్తుతో ఒకామె. జోడించిన చేతుల బొమ్మలు, ఎర్ర గుండెకాయ. రోజా చూపు పాస్టర్ మీద లేదు, ఆ పేర్ల మీదే ఉంది, వచ్చిందా ఇంకా రాలేదా, రాకుండా ఉంటే బాగుండునా, వస్తే బాగుండునా, తనకే తెలియడం లేదు. వచ్చింది. ఉమారాణి బోధన్. ఆమెన్.

బుధవారం గంజ్‌లో పచ్చిమిరపకాయలు ఏరుతుంటే వెనక నుంచి "రోజమ్మేనా?" అని వినిపించింది. ముత్తన్న. కళ్ళకు నల్లద్దాలు, ఆపరేషన్ అయిన కన్ను చూపించుకోవడానికి వచ్చాడట. వందనాలు, వందనాలు. అత్త ఎట్లుంది, పిల్ల ఎట్లుంది. ఆ మాటల్లోనే, "ఉమారాణిని సూసి పోయినవా బిడ్డా మల్ల?" అన్నాడు. ఎందుకు అంది రోజా. ఆయన నల్లద్దాలు తీసి చూశాడు. "నీకెర్క లేదా? పక్షవాతమచ్చి నాలుగు నెలలాయె. కుడి పక్కంత పడిపోయింది. మాట లేదు."

"అదెట్ల? ప్రతి ఐతారం ఆమెన్ పెడ్తనే ఉంది గద?"

"గది మన్మరాలు పెడ్తది. ఫోను ముసల్దాని ముందల వెట్టి కూసుంటది. ఆమె రెప్ప కొడ్తే పోరి ఆమెన్ అని కొడ్తది. గంతే సంబురం ఆమెకు."

"మరి పాస్టరు ఎన్నడు చెప్పలే?"

"లైవు బందయినంకనే గద బిడ్డా, బాగలేనోల్ల పేర్లు సదివేది. ఇండ్లల్లున్న కష్టాలు లోకమంత ఎందుకని కెమెరా ముందల చెప్పడు. గప్పటికి మీరంత పోతరాయె." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు వెళ్ళిపోయింది అన్నట్టు అన్నాడు.

రోజా అక్కడే నిలబడి పావుకిలో పచ్చిమిరపకాయలు తూయించుకుంది. కరివేపాకు రెండు రెమ్మలు ఎక్కువ వేయమని అడిగింది. మిగిలిన చిల్లర ముడి వేసుకుంది. ఆటోలో కూర్చున్నాక గానీ ఆ మాట గుర్తు రాలేదు, గుర్తు వచ్చాక కూడా లోపల ఏమీ కదలలేదు. మొద్దుబారిన కాలు మీద గిచ్చుకుంటే ఎవరి కాలో గిచ్చినట్టు ఉంటుంది, అట్లా ఉంది. నాలుగు నెలలు. ప్రతి ఆదివారం ఆ పేరు కింద తను "వందనాలు అక్కా" అని పెట్టేది. అటునుంచి జోడించిన చేతులు వచ్చేవి. ఒక వారం ఎర్రది కాకుండా ఊదారంగు గుండె వచ్చింది. ఉమక్క కొత్తవి నేర్చుకుంది అని నవ్వుకుని, ఆ నవ్వుతోనే లేచి పోయి కూర తాలింపు వేసింది. వాళ్ళిద్దరూ వారం వారం కలుస్తున్నట్టే అనుకుంది. ఫోన్ చేయాలని కూడా తోచలేదు. నిన్న గాక మొన్న చూసిన మనిషికి ఎవరైనా ఫోన్ చేస్తారా.

చర్చిలో అయితే ఒక్క ఆదివారంలో తెలిసిపోయేది. ఆడవాళ్ళ వైపు, కిటికీ పక్కన, మూడో వరస. చాప మీద ఎవరి చోటు వాళ్ళది. ఎవరూ రాసిపెట్టలేదు, కానీ కొత్తవాళ్ళు తెలియక అక్కడ కూర్చుంటే పక్కవాళ్ళే మెల్లగా జరగమంటారు. ఆ చోటు ఖాళీగా ఉంటే పాట మధ్యలోనే తలలు తిరుగుతాయి. ఏమైంది, జరమా, కొడుకు దగ్గరికి పోయిందా. ప్రార్థన అయిపోయేసరికి ఎవరో ఒకరు కొంగు దోపుకుని వాళ్ళింటి వైపు నడుస్తూ ఉంటారు. ఇక్కడ చోటు లేదు. పేరు ఉంది, ఆ పేరు ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ఎవరి వేలు తగిలినా ఆమెన్ అంటుంది.

పాస్టర్ వాక్యం చెబుతున్నాడు. చెయ్యి పైకెత్తినప్పుడు చొక్కా చేతి గుండీ మెరుస్తోంది. రవీందర్ కాళ్ళు ముందుకు చాపి, కళ్ళు మూసుకున్నాడు, అది భక్తో నిద్రో చెప్పలేం. గోదాంలో ఆరు రోజులు పసుపు దుమ్ములో తిరిగిన మనిషి, ఎంత ఉతికినా ఆ లుంగీ అంచు పచ్చగానే ఉంటుంది. కుక్కర్ పెట్టాలి. పెట్టేశానా? పెట్టాను, రెండు కూతలు వచ్చాయి కూడా. పొద్దున కూడా పిడికెడు తీశాను. ఉమక్క కుడి చెయ్యి పడిపోయిందన్నాడు. సంచి మూతి పట్టుకునే చెయ్యి అదే. చాప మీద పక్కన కూర్చున్నప్పుడు రోజా ఎడమ మోకాలికి ఆమె కుడి మోకాలు తగులుతూ ఉండేది. వాక్యం పొడుగైతే ఆ మోకాలుతో చిన్నగా నొక్కేది, చూడకుండానే, ఇంకెంతసేపే తల్లీ అన్నట్టు. రోజా నవ్వు ఆపుకోలేక బైబిల్లో తల దూర్చేది.

సుష్మ పుట్టాక మూడేళ్ళకు ఒక పిల్లాడు ఎనిమిదో నెలలో పుట్టి నిలవలేదు. ఆ తర్వాత రోజా చర్చికి మొదటిసారి పోయిన ఆదివారం. ఇల్లు దాటి నలభై రోజులు అయింది. అందరూ వచ్చి ఏదో ఒకటి చెప్పారు, దేవుని చిత్తం అని ఒకరు, ఇంకా వయసుంది అని ఒకరు. ఉమారాణి ఏమీ అనలేదు. జరిగి చోటిచ్చింది. ఆడవాళ్ళ వైపు పాట ఎత్తేది ఆమే. హార్మోనియం లేకపోయినా ఆమె మొదటి చరణం అందుకుంటే మగవాళ్ళు కూడా ఆ శృతికే వచ్చేవాళ్ళు. ఆ రోజు పాస్టర్ పాట నంబరు చెప్పాడు. అందరూ ఆమె వైపు చూశారు. ఉమారాణి పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టి, ఎదురుగా గోడను చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఇంకెవరో పగిలిన గొంతుతో ఎత్తారు. రెండో పాట కూడా అంతే. మూడోది కూడా అంతే. రోజా పాడలేదు కాబట్టి ఆమె పాడలేదు. మోకాలికి మోకాలు ఆనించి, ఆరాధన అయ్యేదాకా ఇద్దరూ నోరు మూసుకుని కూర్చున్నారు. బయటికి వచ్చేటప్పుడు సంచి దగ్గర రోజా ఖాళీ చేతులతో నిలబడింది. నలభై రోజులూ ఆమె పొయ్యి వెలిగించలేదు, పిడికెడు ఎక్కడిది? ఉమారాణి తన డబ్బాలోని బియ్యం దోసిళ్ళతో తీసి రోజా కొంగులో పోసి, "ఇగ పొయ్యి," అంది. సంచిలో పొయ్యమని. ఆ రోజు మొత్తానికి ఆమె అన్న మాట అదొక్కటే.

కెమెరా ఉంటే దాంట్లో ఏం కనపడేది? నీలం కర్టెను కనపడేది. పక్కన ఎవరో ఆమెన్ అని పెట్టేవాళ్ళు.

ఇప్పుడు ఆ మనిషికి పాట లేదు. తనే మంచం మీద పడుకుని, ఎవరో పాడుతుంటే రెప్ప కొడుతోంది. పోతే ఏ మొహంతో పోవాలి? నాలుగు నెలలు ఏడున్నవే అని నోటితో అడగలేకపోయినా, కళ్ళతో అడుగుతుంది. అడగకపోతే అది ఇంకా కష్టం. పోకపోతే? పోకపోతే ఏమీ కాదు. ఆదివారం వస్తుంది, ఆ పేరు వస్తుంది, వందనాలు అక్కా అని పెడితే జోడించిన చేతులు వస్తాయి. ఒకవేళ ఆమె కన్నుమూసినా, ఆ మనవరాలు ఫోన్ మార్చేదాకా అట్లా వస్తూనే ఉంటాయేమో. అప్పుడు కూడా తను కూర తాలింపు వేస్తూనే ఉంటుందేమో. ఈ ఆలోచన వచ్చినప్పుడైనా లోపల ఏదో ఒకటి కదలాలి కదా అని చూసుకుంది. కదలలేదు. చెయ్యి మాత్రం ఒళ్ళో పిడికిలి బిగించుకుని ఉంది. ఎప్పుడు బిగించిందో.

"మీ పక్కనున్నవాళ్ళకు వందనాలు చెప్పండి," అన్నాడు పాస్టర్ తెరలో.

రవీందర్ కళ్ళు తెరిచి, "వందనాలు సిస్టర్," అన్నాడు రోజాతో. ప్రతి వారం ఇదే హాస్యం. సుష్మ ప్రతి వారం లాగే "డాడీ!" అంది. శ్యామలమ్మ టీవీకి రెండు చేతులూ జోడించి, "వందనాలయ్యా, వందనాలు," అంది. తెర కుడి అంచున స్తంభం పక్కన ఒక్క క్షణం ఒక మోచెయ్యి కనపడింది, ఆకుపచ్చ గాజులు, వెనక్కి తిరిగి ఎవరి చెయ్యో పట్టుకుంటున్నట్టు. ఎవరిదో. మళ్ళీ స్తంభం ఒక్కటే మిగిలింది. ఆ చెయ్యి వెనక్కి పోయిన చోటే మూడో వరస. అక్కడ ఇప్పుడు ఎవరైనా కూర్చుంటున్నారో, ఇద్దరి చోట్లూ అట్లాగే వదిలేశారో.

రోజా లేచి గడప దగ్గరికి పోయింది. చాట అంచున ఇంకో పురుగు ఉంటే తీసేసింది. మేకుకు వేలాడుతున్న గుడ్డసంచి దులిపి, బియ్యం అందులోకి ఒంపింది. నాలుగు కిలోలు ఉంటాయేమో. మూతి ముడివేసింది. లోపల ఆశీర్వాద ప్రార్థన వినిపిస్తోంది, తండ్రి ప్రేమయు, కుమారుని కృపయు, పరిశుద్ధాత్మ సహవాసమును. ఈ ఆఖరి ఆమెన్ కాగానే రవీందర్ రిమోట్ అందుకుంటాడు. అది ఎంత అలవాటు అంటే, ఆమెన్ వెనకే ఏదో సినిమా ఫైటింగ్ చప్పుడు రాకపోతే ఆరాధన పూర్తయినట్టు ఉండదు. రోజా సంచి ఎత్తుకుని వచ్చి టీవీ ముందు నిలబడింది.

"ఉండు. తియ్యకు."

"అయిపోయింది గదనే."

"కానీ. తియ్యకు."

తెర నల్లబడింది. లైవ్ అయిపోయిందని చిన్న అక్షరాలు వచ్చాయి. రవీందర్ రిమోట్ పట్టుకుని అట్లాగే ఉన్నాడు. అక్కడ ఇప్పుడు చాయ్ డ్రమ్ము వాకిట్లోకి తెచ్చి ఉంటారు. పాస్టర్ జేబులోంచి కాగితం తీసి పేర్లు చదువుతూ ఉంటాడు, ఒక్కో పేరుకూ ఆడవాళ్ళ వైపు నుంచి అయ్యో అని ఒక చప్పుడు వస్తూ ఉంటుంది. ఉమారాణి ఇంట్లో మనవరాలు ఫోన్ పక్కన పెట్టి తన పనికి తను పోయి ఉంటుంది. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి మలుపు తిరిగింది. ఇది పోయింది. ఇంకొకటి అరగంటకు.

"ఉమక్కకు పక్షవాతమచ్చి నాలుగు నెలలాయెనట," అంది రోజా. గొంతు మామూలుగానే ఉంది, ఉప్పు అయిపోయింది అన్నట్టు. "మాట లేదట. ఆమెన్‌లు మన్మరాలు పెడ్తుందట. నాకు బుధారం ఎర్కయింది. నేను పోతున్న."

"ఇప్పుడా?" అన్నాడు రవీందర్.

"ఇప్పుడు. వచ్చే ఐతారం సుత. ఇగ ప్రతి ఐతారం. పొద్దుగాలే పోయి ఆమె పక్కన కూసుంట. గీ లైవే ఆమెతోని సూస్త. మీరీడ సూసుకోండ్రి. బియ్యం సంచిల పోసేది ఉంటే పోస్త, లేకుంటే ఆమె ఇంట్లనే ఇస్త. అన్నం కుక్కర్ల ఉంది."

సుష్మ లేచి తల్లి చేతిలోని సంచి పట్టుకోబోయింది. రోజా ఇవ్వలేదు.

"మరి పురుగులు?" అన్నాడు రవీందర్, ఇంకేం అడగాలో తెలియక.

"ఏరిన."

శ్యామలమ్మ దిండు మీది నుంచి ముందుకు వంగింది. చెవి పక్కన చెయ్యి పెట్టుకుని, "ఏమంటుందే మీ అమ్మ? ఏమైంది?" అంది.

సుష్మ మంచం దగ్గరికి పోయి, వంగి, ముసలామెకు వినపడేటట్టు చెప్పింది. "ఏం లేదు నానమ్మా. మమ్మీ ఇంక ఐతారం మనతోని కూసోదట. బోధన్ల ఉమ పెద్దమ్మ పక్కన కూసుంటదట."